పదును పాఠాలు – 3: గ్రైండర్ కొనాలా, బెల్ట్ శాండర్ కొనాలా?

పోయిన పాఠంలో ఉలిని చేత్తో సానరాయి మీద 25 డిగ్రీలకు నూరడం చూశాం. ఇప్పుడు మిషన్ సంగతి. నల్లగొండలో అయినా, మహబూబ్‌నగర్‌లో అయినా హార్డ్‌వేర్ షాపులో గ్రైండర్ అడిగితే మామూలుగా చూపించేది బూడిద రంగు రాళ్లున్న 6 ఇంచుల బెంచ్ గ్రైండర్. మనం కూడా ఎన్ని హెచ్‌పీ అనే అడుగుతాం గానీ ఆర్‌పీఎం, అంటే నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందని అడగం. ఉలి కాలిపోవడం, కాలకపోవడం ఎక్కువగా ఆ వేగం మీదే ఉంటుంది.

మన 50 హెర్ట్జ్ కరెంటు మీద మామూలు గ్రైండర్ సుమారు 2850 ఆర్‌పీఎం తిరుగుతుంది. ఆ లెక్కన 6 ఇంచుల రాయి అంచు సెకనుకు 22 మీటర్లు పరుగెత్తుతుంది, 8 ఇంచులదైతే 30. అదే 8 ఇంచుల రాయి 1440 ఆర్‌పీఎం మోటారు మీద ఉంటే 15 మీటర్లే. ఇక వెల్డింగ్ షాపుల్లో వాడే 4 ఇంచుల చేతి గ్రైండర్ 11000 దాకా తిరుగుతుంది, అంటే సెకనుకు 57 మీటర్ల పైనే, దాన్ని బెంచీకి బిగించి ఉలి నూరే పని దయచేసి పెట్టుకోకండి.

ఎందుకంటే ఉలి, రంద (చిత్రిక) బ్లేడు ఎక్కువగా కార్బన్ స్టీలువే. అంచు నీలం తిరిగిందంటే వేడి సుమారు 300 డిగ్రీలకు చేరింది, గట్టిదనం పోయింది. నీళ్లలో ముంచినా తిరిగి రాదు, నీలం పోయేదాకా అరగదీయాల్సిందే. లేత్ టూళ్లు, డ్రిల్ బిట్లు హైస్పీడ్ స్టీలువి కాబట్టి 500 డిగ్రీలకూ ఓర్చుకుంటాయి, వాటికి మామూలు గ్రైండర్ చాలు.

రాయి కూడా మార్చాలి. తెల్ల అల్యూమినియం ఆక్సైడ్ రాయి, 60 లేదా 80 గ్రిట్ (రాయిలోని గింజల సైజు నంబరు), తీసుకోండి. మొద్దుబారిన గింజలు త్వరగా రాలి కొత్తవి బయటికొస్తాయి, అందుకే తక్కువ వేడెక్కుతుంది. కార్బైడ్ టిప్పులకు మాత్రం ఆకుపచ్చ రాయి. ఏ రాయైనా మెరుస్తోందంటే కోయడం మానేసి ఊరికే రుద్దుతోందని అర్థం, డ్రెస్సర్, అంటే రాయి పైపొరను గీకే పనిముట్టు, పట్టండి.

బెల్ట్ శాండర్, అంటే రాయి బదులు గరుకు పట్టీ తిరిగే మిషన్, గొడ్డలికి, కత్తులకు బాగుంటుంది. బాడిశకు ఇంకా బాగుంటుంది, లోపలివైపు వాలును రాయి మీద పెట్టబోతే పిడి మోటారుకు తగులుతుంది మరి. బెల్ట్ ఎప్పుడూ అంచు నుంచి బయటికి పోయేలా పట్టుకోవాలి, ఎదురు పెడితే బెల్ట్ తెగుతుంది. మిషన్ కొనేముందే ఆ సైజు బెల్టులు మీ ఊళ్లో దొరుకుతాయో లేదో అడగండి, అరిగిన బెల్టు రాయి కంటే ఎక్కువ కాలుస్తుంది. చెక్క పొట్టు ఉన్న డస్ట్ బ్యాగుతో ఇనుము నూరితే నిప్పంటుకుంటుంది, ముందే ఖాళీ చేయండి.

వడ్రంగి పనికైతే నా మాట 1440 ఆర్‌పీఎం, 8 ఇంచుల గ్రైండరే. అంత డబ్బు లేకపోతే 6 ఇంచులదే కొని తెల్ల రాయి వేయించండి. బిగించే ముందు రాయిని వేలికి వేలాడదీసి చెక్కతో తట్టండి. ఖంగుమనాలి, మొద్దు శబ్దం వస్తే పగులుంది, వాడొద్దు. రాయి మీద రాసిన ఆర్‌పీఎం మోటారు కంటే ఎక్కువుండాలి. రక్షణ కళ్లద్దాలు పెట్టుకుని, పక్కకు నిలబడి ఒక నిమిషం ఖాళీగా తిప్పండి. నూరేటప్పుడు ఉలిని ఆనించే టూల్ రెస్టు బిగింపు వచ్చే పాఠంలో.