చెవిన పడ్డదొకటి, విన్నామనుకున్నదొకటి: కాక్‌పిట్ మాటలకు ఇంటి దగ్గర సాధన

విమాన రేడియోలో మాట్లాడే లైసెన్సు కోసం రాసే ఆర్‌టీఆర్ పరీక్షకు చదువుతూ సెలవులకు అమలాపురమో భీమవరమో వచ్చిన ట్రైనీ పైలట్లు చాలామంది పదాల జాబితా బట్టీ పట్టి ఊరుకుంటారు. జాబితా రెండు రోజుల పని. అసలు చిక్కు చెవితో. అది ఎదురుచూస్తున్న అంకెనే వింటుంది. 5,000 అడుగులకు దిగమంటారని మనసులో ఖాయం చేసుకున్నవాడికి 4,000 అన్నా 5,000 అనే వినిపిస్తుంది. ఈ తప్పు బయటపడటానికే రీడ్‌బ్యాక్, అంటే విన్న ఆదేశాన్ని తిరిగి చెప్పడం, పెట్టారు. దాన్ని మంత్రంలా అప్పజెప్పేస్తే తప్పు కూడా అందులోనే కొట్టుకుపోతుంది.

సాధనకు కావలసింది ఇంకో మనిషి, 20 చీటీలు, పెన్సిలు, మోకాలి మీద ఒక నోట్‌ప్యాడ్. ఇంగ్లిష్ అంకెలు చదవగలిగితే చాలు, చెల్లెలైనా పక్కింటి ఇంటర్ కుర్రాడైనా కంట్రోలర్‌గా పనికొస్తారు. పెదాలు చూసి పట్టేయకుండా వాళ్లను మీ వెనక కూర్చోబెట్టండి. ఒక్కో చీటీ మీద ఒక్క ఆదేశం, అందులో రెండు మూడు అంశాలకు మించకూడదు: ఎత్తు, హెడింగ్ (విమానం ముక్కు చూసే దిశ), ఫ్రీక్వెన్సీ. నాలుగోది చేరిందంటే మొదటిది జారిపోతుంది. నిమిషానికి 100 మాటలకు మించని వేగంతో చదవమనండి. అంతర్జాతీయ ప్రమాణం చెప్పేదీ అదే. నాలుగు రోజులు గడిచాక వంటింట్లో మిక్సీ తిరుగుతుండగా చదివించండి.

ఇందులో ఒక మెలిక ఉంది. మీరు తిరిగి చెప్పింది తప్పయినా, 20 చీటీల్లో ఓ మూడింటికి కంట్రోలర్ ఏమీ అనకుండా ఊరుకోవాలి. నిజం రేడియోలోనూ అలాగే జరుగుతుంది. కంట్రోలర్ చెవికీ ఇదే జబ్బు. తాను చెప్పిందే తిరిగొచ్చిందని అనుకుని తర్వాతి విమానం వైపు వెళ్లిపోతాడు. అవతల నిశ్శబ్దంగా ఉందంటే మీది ఒప్పయిందని కాదు. చివర్లో చీటీలూ మీ నోట్‌ప్యాడూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. తర్వాత పాత్రలు మార్చుకుని, అవతలివాళ్లు కావాలని చేసే తప్పులను మీరు పట్టండి. చాలామంది వదిలేసే సాధన ఇది, ఎక్కువ పని చేసేదీ ఇదే.

తప్పక తిరిగి చెప్పాల్సినవి: రూట్ క్లియరెన్స్ (వెళ్లే దారికి అనుమతి); రన్‌వే మీదికి వెళ్లడం, దిగడం, ఎగరడం, దాటడం, దాని ముందు ఆగడం; వాడుకలో ఉన్న రన్‌వే, క్యూఎన్‌హెచ్ (ఎత్తు చూపే ఆల్టిమీటర్‌లో పెట్టే గాలి పీడనం అంకె), ట్రాన్స్‌పాండర్ కోడ్ (రాడార్‌లో విమానాన్ని గుర్తుపట్టే అంకెలు), ఎత్తు, హెడింగ్, వేగం. గాలి వివరాలు తిరిగి చెప్పక్కర్లేదు. కాల్‌సైన్, అంటే రేడియోలో మీ విమానం పేరు, చివర్లో వస్తుంది.

మన వైపు పిల్లలకు అంకెల దగ్గర ప్రత్యేకమైన అలవాట్లున్నాయి. ఫోన్ నంబరు చెప్పేటప్పుడు ‘డబుల్ ఫోర్’, ‘ట్రిపుల్ నైన్’ అని అలవాటుగా వచ్చేస్తుంది. రేడియోలో డబుల్, ట్రిపుల్ లేవు. ఏ అంకెకా అంకె విడిగా పలకాలి, పూర్తి వందలకూ వేలకూ మాత్రం హండ్రెడ్, థౌజండ్. ‘పాయింట్’ కాదు, ‘డెసిమల్’. సున్నాను ‘ఓ’ అనకూడదు. ‘త్రీ’ని ‘ట్రీ’ అని, ‘ఫైవ్’ని ‘ఫైఫ్’ అని, ‘నైన్’ని ‘నైనర్’ అని పలకమనేది వేషం కాదు. గరగరలో ఫైవ్, నైన్ రెండిట్లోనూ మధ్య అచ్చు ఒక్కటే మిగులుతుంది.

‘టు’, ‘టూ’ తేడా ఇంతకంటే ప్రమాదం. 1989 ఫిబ్రవరి 19న కౌలాలంపూర్ దగ్గర ఒక కార్గో 747కు ‘డిసెండ్ టూ ఫోర్ జీరో జీరో’ అని ఆదేశం వచ్చింది. కంట్రోలర్ ఉద్దేశం 2,400 అడుగులు. సిబ్బంది దాన్ని 400కు దిగమన్నట్టు విని, ‘ఓకే, ఫోర్ జీరో జీరో’ అన్నారు. ఆ రీడ్‌బ్యాక్‌ను ఎవరూ పట్టుకోలేదు. విమానం కొండను ఢీకొంది, నలుగురూ చనిపోయారు. ‘టూ థౌజండ్ ఫోర్ హండ్రెడ్’ అని ఉంటే ఈ గందరగోళానికి చోటే లేదు. మీరు చెప్పేటప్పుడు ‘టు’ తర్వాత నేరుగా అంకె రాకుండా మధ్యలో ‘ఆల్టిట్యూడ్’ అనో ‘ఫ్లైట్ లెవెల్’ అనో పెట్టండి.

గోదావరి డెల్టా మీద ఎగిరేవాళ్లు క్యూఎన్‌హెచ్‌కు విడిగా కొన్ని చీటీలు రాసుకోవాలి. మామూలు రోజుల్లో 1010 దరిదాపుల్లో ఉండే అంకె అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం పడితే 1000 వైపు జారుతుంది, తుపానైతే ఇంకా కిందికి. ఒక్క హెక్టోపాస్కల్ తేడాకు ఆల్టిమీటర్ దాదాపు 27 అడుగులు తప్పు చూపిస్తుంది. అసలు అంకె 1000 అయితే మీరు 1010 పెట్టారనుకోండి, అనుకున్నదానికంటే 270 అడుగులు కిందున్నట్టే. ‘వన్ జీరో జీరో వన్’కూ ‘వన్ జీరో వన్ వన్’కూ మధ్య తేడా ఒక్క మాటే. 2022 మేలో పారిస్ దగ్గర సరిగ్గా ఈ అంకెలతోనే జరిగింది. కంట్రోలర్ 1001కి బదులు 1011 ఇచ్చారు, సిబ్బంది 1011 అనే తిరిగి చెప్పారు. రీడ్‌బ్యాక్ సరిగ్గానే ఉంది, ఇచ్చిన అంకే తప్పు. రన్‌వేకు దారి చూపే రేడియో సంకేతం ఐఎల్‌ఎస్ లేని అప్రోచ్ (దిగడానికి రావడం), పైగా వాన. రన్‌వే ఇంకా కిలోమీటరు పైచిలుకు దూరంలో ఉండగానే విమానం నేలకు 6 అడుగుల ఎత్తుకు వచ్చి, మళ్లీ పైకి లేచి బతికిపోయింది. అందుకే దిగడం మొదలుపెట్టక ముందే ఏటిస్ (విమానాశ్రయం రికార్డు చేసి వినిపించే సమాచారం) లేదా మెటార్ (వాతావరణ నివేదిక) అంకె కాగితం మీద ఉండాలి. కంట్రోలర్ ఇచ్చింది దానికి రెండు మూడు హెక్టోపాస్కల్స్ మించి తేడాగా ఉంటే అడగాలి.

అడగడానికీ ఒక పద్ధతుంది. ‘కన్ఫర్మ్ సిక్స్ థౌజండ్?’ అంటే మీ ఊహను అవతలివాళ్ల నోట్లో పెట్టినట్టే, తీరిక లేని కంట్రోలర్ ‘అఫర్మ్’ అనేస్తారు. ‘సే అగైన్ లెవెల్’ అనండి, అంకె వాళ్ల నోటి నుంచే రానివ్వండి. పైలట్లిద్దరికీ వేర్వేరుగా వినిపిస్తే కాక్‌పిట్‌లో పంచాయితీ వద్దు, ఏ అంకే సెట్ చెయ్యకుండా అడగండి. ఆటోపైలట్ మీద ఉన్నప్పుడు సాధారణంగా ఒకరు తిరిగి చెబుతారు, నడిపేవారు ఎత్తు తిప్పుతారు, ఇద్దరూ అంకె వైపు వేలు చూపించి పైకి చదువుతారు.

‘రోజర్’ అంటే విన్నాను, అంతే. సరే అనీ కాదు, చేస్తాననీ కాదు. చేస్తాననడానికి ‘విల్కో’ ఉంది. మనం ఫోన్‌లో ‘ఆఁ’, ‘ఊఁ’ అన్నట్టు ‘ఓకే’ వాడే అలవాటు మొదట్లోనే మాన్పించాలి. 1977 మార్చి 27న టెనెరిఫేలో టవర్ అన్న ‘ఓకే’ తర్వాతి మాటల మీద ఇంకో విమానం మాటలు పడి, కీచుమనే శబ్దం మాత్రమే మిగిలింది. రన్‌వే మీద రెండు విమానాలు ఢీకొని 583 మంది చనిపోయారు. ఆ తర్వాతే ‘టేకాఫ్’ అనే మాటను అసలు అనుమతి ఇచ్చేటప్పుడు, దాన్ని రద్దు చేసేటప్పుడు తప్ప వాడకూడదన్నారు, మిగతా అన్నిచోట్లా ‘డిపార్చర్’. కోనసీమ తుపాను దెబ్బ నుంచి ఇంకా లేవని వారంలోనే, 1996 నవంబరు 12న, హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద ఆకాశంలో రెండు విమానాలు ఢీకొని 349 మంది పోయారు. 15,000 అడుగుల దగ్గర ఆగాల్సిన విమానం ఇంకా కిందికి దిగింది. అందులో రేడియో మాట్లాడే మనిషి వేరు, నడిపే మనుషులు వేరు. విన్నవాడి నుంచి చేసేవాడి దాకా మాట చేరాల్సిన దూరం ఎంత పెరిగితే పొరపాటుకు అంత సందు.

ఇక పరధ్యానం. 10,000 అడుగుల కింద, నేల మీద ట్యాక్సీలో, పనికి సంబంధం లేని మాట ఉండకూడదు. ఈ నిబంధనను అమెరికా 1981లో తెచ్చింది. 3 డిగ్రీల వాలులో 10,000 అడుగులు దిగడానికి సుమారు 31 నాటికల్ మైళ్లు పడుతుంది, సుమారుగా రాజమండ్రి నుంచి అమలాపురం అంత. హైదరాబాద్ నుంచి మధురపూడికి (రాజమండ్రి విమానాశ్రయం) వచ్చే చిన్న విమానంలో కబుర్లకు మిగిలే సమయం ఎంతో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఫోన్ విమానం ఎక్కక ముందే ఆఫ్ చేసి సంచిలో పెట్టండి. 2010లో సింగపూర్‌లో దిగుతున్న ఎయిర్‌బస్‌లో కెప్టెన్ ఫోన్ మెసేజ్‌లతో మోగుతూనే ఉంది, ఆయన దాని సంగతి చూస్తుండగా వీల్స్ దించడం మిగిలిపోయింది. గో అరౌండ్ చేశారు, అంటే దిగడం మానుకుని మళ్లీ పైకి లేచారు.

చెక్‌లిస్ట్ మధ్యలో పిలుపు వస్తే ‘హోల్డ్’ అని పైకి చెప్పి, ఆగిన వరుస మీద బొటనవేలు పెట్టండి. వేలు జారితే మొదటి నుంచే మళ్లీ చదవాలి. ఇంట్లో దీన్ని సాధన చెయ్యడం చాలా తేలిక. చెక్‌లిస్ట్ పట్టుకుని కూర్చోండి, అమ్మ ‘టిఫిన్ చల్లారిపోతోందిరా’ అని పిలవక మానదు. ఏదైనా లైటు వెలగకపోతే ముందు ఎవరు నడుపుతున్నారో తేల్చుకోండి, తర్వాతే లైటు. 1972 డిసెంబరులో ఫ్లారిడాలో ఒక ట్రైస్టార్ విమాన సిబ్బంది అంతా ముందు చక్రం లైటు మీద పడితే, ఎత్తు పట్టి ఉంచే ఆటోపైలట్ విడిపోయిన సంగతి ఎవరూ చూడలేదు. విమానం చిత్తడి నేలలో కూలి 101 మంది చనిపోయారు.

‘సార్’ దగ్గర మాట మింగే అలవాటు మనకు బడి నుంచే వస్తుంది. దానికి నాలుగు మెట్లు పైకి గట్టిగా పలుకుతూ నేర్చుకోండి. మొదట ప్రశ్న: ‘సార్, వేగం చూశారా?’ తర్వాత ఉన్న విషయం: ‘వేగం 20 నాట్లు ఎక్కువ.’ తర్వాత పరిష్కారం: ‘అన్‌స్టేబుల్, గో అరౌండ్.’ అప్పటికీ కదలిక లేకపోతే ‘ఐ హ్యావ్ కంట్రోల్’, అంటే ఇక నేను నడుపుతాను అని. ‘అనుకుంటున్నాను సార్’, ‘ఏమో సార్’ వద్దు. 2010 మే 22న మంగళూరులో కో పైలట్ మూడుసార్లు గో అరౌండ్ అన్నా విమానం దిగింది, 158 మంది పోయారు. మూడో మెట్టు దగ్గర ఆగిపోకుండా ఉండాలంటే హద్దును ముందే ఒప్పందం చేసుకోవాలి. మబ్బుల్లో 1,000 అడుగులు, చూపు అందే వాతావరణంలో 500 అడుగులు. అప్పటికి వేగం, వాలు, ఫ్లాప్స్, చక్రాలు కుదరకపోతే ఎవరు ‘గో అరౌండ్’ అన్నా చర్చ లేదు. ఈ వాక్యం అప్రోచ్ బ్రీఫింగ్‌లోనే, కెప్టెన్ నోటి నుంచే వచ్చేలా చూసుకోండి. ఆయన చెప్పకపోతే ‘సార్, గో అరౌండ్ ఎవరు అన్నా వెళ్లిపోదామా?’ అని మీరే అడగండి.