బండిలో రెండో బ్యాటరీ – 3వ పాఠం: తీగ, ఫ్యూజు

కిందటి పాఠంలో బండిలోనే పడుకునే రాత్రికి ఎంత కరెంటు కావాలో లెక్క వేసుకున్నాం. చిన్న ఫ్రిజ్, ఫ్యాను, రెండు లైట్లు, ఫోన్లు కలిపి 50 ఏహెచ్‌కు (ఆంపియర్-అవర్, అంటే గంటకు ఒక ఆంపియర్ చొప్పున 50 గంటలు) అటూఇటూగా తేలింది. అందుకే 100 ఏహెచ్ బ్యాటరీ తీసుకున్నాం. ఇప్పుడు దాన్ని ఇంజన్ వైపు బ్యాటరీతో కలపాలి.

నేను మొదటిసారి తప్పు చేసింది ఇక్కడే. ఇంట్లో మిగిలిన 6 ఎంఎం (అంటే 6 చదరపు మిల్లీమీటర్ల) వైరు లాగి, మధ్యలో ఒక రిలే (ఇంజన్ నడిచేటప్పుడు రెండు బ్యాటరీలనూ కలిపే స్విచ్) పెట్టాను. కడప నుంచి ముద్దనూరు మీదుగా గండికోట దాకా ఇంజన్ నడిచింది కదా, బ్యాటరీ నిండే ఉంటుందనుకున్నాను. అర్ధరాత్రి ఫ్రిజ్ ఆగింది. తెల్లారేసరికి పిల్లల కోసం తెచ్చిన పాలు విరిగిపోయాయి. బ్యాటరీదే లోపమనుకుని షాపుకు మోసుకెళ్లాను. లోపం వైరుది.

లెక్క చూడండి. బానెట్ నుంచి వెనక సీటు దాకా 5 మీటర్లు, పోనూ రానూ 10. ఆ దూరంలో 30 ఆంపియర్లు పారితే 6 ఎంఎం రాగి వైరులో దాదాపు 0.9 వోల్టు పోతుంది. ఆల్టర్నేటర్ (ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించేది) 14.2 వోల్టులు ఇచ్చినా అవతలికి చేరేది 13.3. లెడ్ యాసిడ్ బ్యాటరీ బాగా నిండాలంటే 14.4 దాకా కావాలి. ఆంపియర్లు తగ్గేకొద్దీ ఈ నష్టమూ తగ్గుతుంది, కానీ అలా నిండడానికి రెండు గంటల ప్రయాణం చాలదు. అదే 16 ఎంఎం వైరైతే పోయేది 0.33 వోల్టే. డబ్బు మిగుల్చుకోవాలంటే ఇంకెక్కడైనా మిగుల్చుకోండి, వైరులో వద్దు.

బీఎస్6 (కొత్త పొగ నిబంధనల) బండ్లలో చాలావాటికి ఆల్టర్నేటర్ వోల్టేజీ తనంతట తానే తగ్గుతుంది. వాటికి రిలే పనికిరాదు, డీసీ-డీసీ చార్జర్ (వచ్చే వోల్టేజీని బ్యాటరీకి కావలసినంతకు మార్చి ఇచ్చేది) పెట్టాలి. లిథియం బ్యాటరీ అయితే ఏ బండికైనా అదే పెట్టండి. చార్జర్ రెండో బ్యాటరీ పక్కనే ఉండాలి.

ఇక ఫ్యూజు. అది కాపాడేది వైరును. వైరుకు రెండు చివరలా బ్యాటరీ ఉంది కాబట్టి ఫ్యూజులూ రెండు కావాలి, ప్లస్ టెర్మినల్ నుంచి జానెడు దూరం లోపే. మధ్యలో ఎక్కడో ఒకటి పెడితే, దానికీ బ్యాటరీకీ మధ్య వైరు ఒరుసుకుని బాడీకి తగిలినప్పుడు ఆపేవాళ్లుండరు. వందల ఆంపియర్లు పారి వైరు ఎర్రగా కాలుతుంది, బండిలో మనవాళ్లు నిద్రపోతుంటారు. 30 ఆంపియర్ల చార్జర్‌కు సాధారణంగా 50 లేదా 60 ఆంపియర్ల ఫ్యూజు పెడతారు. మీ చార్జర్ పుస్తకంలో ఏది రాసి ఉంటే అదే పెట్టండి. గుచ్చే రకం వద్దు, బోల్టుతో బిగించేది కొనండి.

బ్యాటరీని బానెట్ కింద పెట్టకండి. చాలా లిథియం బ్యాటరీలకు చార్జింగ్ హద్దు 45 డిగ్రీలు. కర్నూలు, కడప మే నెల ఎండలో మూసి ఉంచిన బండిలోనే ఆ హద్దు దాటుతుంది. సీటు కింద గాలి ఆడేచోట బిగించండి.

వచ్చే పాఠానికి ముందు ఒక పని. బ్యాటరీ కొంత ఖాళీగా ఉన్నప్పుడు ఇంజన్ ఆన్ చేసి, మల్టీమీటర్‌తో వైరు రెండు చివరలా వోల్టేజీ చూసి రాసుకోండి. తేడా అర వోల్టు దాటితే ముందు లగ్గులు (వైరు చివర బిగించే రాగి కొనలు) విప్పి మళ్లీ గట్టిగా క్రింప్ చేయించండి (నొక్కి బిగించడం).