బీటీ పత్తి చేలో పంపు ఎత్తే ముందు మిత్ర పురుగులను లెక్కపెట్టండి

"బీటీ ఆకు తిని పురుగు చస్తోంది కదా, మరి ఆ పురుగుని తిన్న అక్షింతల పురుగు బతుకుతుందా కాకా?" మా ఆదిలాబాద్ వైపు కొత్తగా సేద్యంలోకి దిగిన పిల్లలు ముందు అడిగేది ఇదే.

బతుకుతుంది. బీటీ అంటే ఒక బాక్టీరియా జన్యువు చేర్చి, పురుగును చంపే ప్రోటీన్ మొక్కలోనే తయారయ్యేలా చేసిన పత్తి. 2002లో మన దేశంలో అనుమతి వచ్చిన విత్తనంలో క్రై1ఏసీ, 2006లో వచ్చిన బీజీ-2 అనే రెండో తరం బీటీ విత్తనంలో దానితోపాటు క్రై2ఏబీ అనే ప్రోటీన్లు ఉన్నాయి. ఇవి గొంగళి పురుగు పేగులో కరిగి, పేగు గోడకు అతుక్కుని చిల్లులు పెడతాయి. అక్షింతల పురుగుల్లో, సాలీళ్ళలో, తేనెటీగల్లో అలా అతుక్కునే చోటు లేదు. పేనుబంక పీల్చే రసంలోనైతే ఈ ప్రోటీన్ దాదాపు ఉండదు. గొంగళి పురుగులు తగ్గినప్పుడు వాటి ఒంట్లోనే పెరిగి వాటిని చంపే పరాన్నజీవులూ తగ్గే మాట నిజమే. అది విషం వల్ల కాదు, తిండి దొరక్క.

నన్నడిగితే చీడను తిని మనకు మేలుచేసే ఈ మిత్ర పురుగులకు విత్తనం కంటే పంపుతోనే ముప్పు. చైనాలో 1990 నుంచి 2010 వరకు 36 చోట్ల గమనిస్తే, బీటీ పత్తి వచ్చి మందులు తగ్గాక అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగులు, సాలీళ్ళు పెరిగాయి, పేనుబంక తగ్గింది. అక్కడే రసం పీల్చే మిరిడ్ నల్లులు పెరిగి కొత్త తలనొప్పి కూడా వచ్చింది. బీటీ రసం పీల్చే పురుగులను ఆపదు. మన దగ్గర పచ్చదోమ, తెల్లదోమ, తామర పురుగులు, పిండినల్లి అందుకే మిగిలాయి.

వారానికోసారి, ఎండ ముదరకముందే చేలోకి వెళ్ళండి. గట్టు పక్క మొక్కలు వదిలేసి, అడ్డదిడ్డంగా నడుస్తూ ఎకరానికి 20 మొక్కలు చూడండి. ఒక్కో మొక్కకు పైన, మధ్యన, కింద ఒక్కో ఆకు తిప్పి అడుగు చూడాలి. అక్షింతల పురుగు అందరికీ తెలుసు, దాని పిల్ల పురుగే తెలియదు. నల్లగా, పొడుగ్గా, చిన్న మొసలిలా ఉంటుంది, చీడ అనుకుని నలిపేస్తారు. పేనుబంకను తల్లి కంటే అదేం తక్కువ తినదు. సన్నటి దారాల కొసన నిలబడ్డ తెల్ల గుడ్లు కనిపిస్తే అవి అల్లిక రెక్కల పురుగువి. ఉబ్బి, గోధుమ రంగుకు తిరిగి గట్టిపడ్డ పేనుబంక, పిండినల్లి ఉంటే లోపల పరాన్నజీవి ఉన్నట్టే, ముట్టుకోకండి.

రెండు చెడ్డ పురుగులకు ఒక మిత్ర పురుగు ఉంటే ఆగండి, మళ్ళీ చూసి నిర్ణయించవచ్చు. మిత్రులు లేక ఆకుకు రెండు పచ్చదోమలు దాటి, అంచులు పసుపు పచ్చబడి ముడుచుకుంటుంటే అప్పుడు మందు. అయినా చేనంతా తడపక్కర్లేదు. రసం పీల్చే పురుగులకు వాడే ఫ్లోనికామిడ్ మందు ఒక పాలు, నీళ్ళు 20 పాళ్ళు కలిపి లేత కాండానికి బ్రష్‌తో పూయండి, చేతికి గ్లవ్స్ తప్పనిసరి. ఆకు మీద మందు పడదు కాబట్టి మిత్ర పురుగులు మిగులుతాయి. కూలీ ఖర్చు ఎక్కువన్న మాట నిజమే. రెండు పంపుల మందు ధరతో పోల్చి లెక్కేసుకోండి. దుకాణంలో "ఇది కూడా కలిపి కొట్టు" అని చేతిలో పెట్టే సింథటిక్ పైరిథ్రాయిడ్ రకం పురుగుమందు మాత్రం వద్దు. 1980లలో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తెల్లదోమ విరుచుకుపడడంలో ఈ మందుల మితిమీరిన వాడకానిది పెద్ద పాత్ర.

ఇక గులాబీ రంగు పురుగు. అది బీజీ-2ను కూడా తట్టుకుంటోంది, కాబట్టి "బీటీ కదా" అని నిద్రపోవద్దు. ఆడ పురుగు వాసనతో మగవాటిని రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు ఎకరానికి రెండు పెట్టండి. వరుసగా మూడు రాత్రులు బుట్టకు 8 చొప్పున మగ రెక్కల పురుగులు పడితేనే మందు ఆలోచన. ఈలోపు గుడ్డి పూలు, అంటే లోపల పురుగు ఉండి విచ్చుకోని పూలు, ఏరి నలిపేయండి.

ఇంతకుముందు బీటీ ప్యాకెట్‌తో 120 గ్రాముల మామూలు (బీటీ కాని) విత్తనం విడిగా ఇచ్చేవారు, చాలామంది గట్టు మీదే పారేశారు. ఇప్పుడు 475 గ్రాముల సంచిలోనే 25 గ్రాములు కలిపి ఇస్తున్నారు. అందువల్ల చేలో అక్కడో మొక్క, ఇక్కడో మొక్క పురుగు పట్టి కనిపిస్తుంది. బీటీ తట్టుకునే పురుగులు తమలో తాము కాక, ఈ మొక్కల మీద పెరిగిన మామూలు పురుగులతో జత కట్టాలని పెట్టిన మొక్కలవి. వాటిని చూసి టెన్షన్ పడి పంపు ఎత్తకండి. ఇరవై మొక్కల లెక్క పూర్తిచేశాకే దుకాణానికి వెళ్ళండి.