తిరుపతిలో ఉండి కార్ రేసింగ్ సీజన్ మొత్తం ఫాలో అవ్వడం ఎలా

ఫార్ములా వన్ చూడాలంటే మనకి టీవీయో ఫోనో దిక్కు. మన దేశపు నేషనల్ కార్ రేసింగ్ చాంపియన్‌షిప్ అలా కాదు, టూరింగ్ కార్లు, అంటే రేసుకి మార్చిన మామూలు కార్లు, పోటీపడే ట్రాక్ పొద్దున బయల్దేరి రాత్రికి ఇంటికి చేరుకునేంత దగ్గర్లోనే ఉంది. శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో, హ్యుందాయ్ ఫ్యాక్టరీ ఉన్న చోటే. 1990లో మొదలైన ట్రాక్ ఇది, లాప్, అంటే ఒక చుట్టు, 3.717 కిలోమీటర్లు. ఇప్పుడు మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ అని పేరు మార్చారు గానీ పాతవాళ్లంతా ఇంకా ఎంఎంఆర్‌టి (మద్రాస్ మోటార్ రేస్ ట్రాక్) అనే అంటారు. అంతకుముందు షోలవరంలో విమానాల పాత రన్‌వే మీద రేసులు జరిగేవి.

ముందు క్యాలెండర్ పట్టుకోండి. దేశంలో మోటార్ రేసింగ్‌ని చూసుకునే సంస్థ ఎఫ్‌ఎంఎస్‌సిఐ. దాని గుర్తింపుతో చెన్నై వైపు రౌండ్లని, అంటే సీజన్‌లో ఒక్కో విడత రేసుల్ని, మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ నడుపుతుంది, వాళ్ల పేజీల్లో తేదీలు వస్తాయి. కొన్నిసార్లు రౌండ్ కోయంబత్తూరు కరి స్పీడ్‌వేలో కూడా పడుతుంది, దానికి రాత్రి ప్రయాణం తప్పదు కాబట్టి కొత్తవాళ్లు అది వదిలేసినా నష్టం లేదు. తేదీలు జరుగుతుంటాయి, అందుకే టికెట్లు బుక్ చేసే ముందు ఇంకోసారి చూసుకోండి. ఎంట్రీ పాసుల సంగతీ ఆ రౌండ్ ప్రకటనలోనే ఉంటుంది.

ఇంకో లెక్క మనవాళ్లకే తెలిసేది: తమిళుల పెరటాసి నెల శనివారాలు. సెప్టెంబర్ మధ్య నుంచి అక్టోబర్ మధ్య వరకు తమిళనాడు జనం మొత్తం కొండకే వస్తున్నట్టుంటుంది. మనం ఎదురు వెళ్తాం కాబట్టి పోయేటప్పుడు బస్సులో సీటు హాయిగా దొరుకుతుంది, తిరిగి వచ్చేటప్పుడు మాత్రం నిలబడ్డానికి చోటుంటే గొప్పే. ఆ నెలలో రౌండ్ పడితే ఆదివారం ఒక్కరోజే వెళ్లండి.

తిరుపతి నుంచి కాంచీపురం బస్సెక్కి, అక్కడ పూందమల్లి వైపు వెళ్లే బస్సు మారితే ఇరుంగాట్టుకోట్టైలో దిగొచ్చు. సొంత బండైతే పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా తిరువళ్లూరు వెళ్లి అక్కణ్ణుంచి శ్రీపెరంబుదూరు రోడ్డు. చిత్తూరు వాళ్లకి ఇంకా సులువు, రాణిపేట, కాంచీపురం మీదుగా చెన్నై హైవే నేరుగా అటే పోతుంది. కండక్టర్‌ని మాత్రం ముందే అడగండి, కొన్ని చెన్నై బస్సులు తిరుత్తణి మీద పోతాయి. పులిహోర, నీళ్లు, టోపీ తీసుకెళ్లండి. చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు కూడా. నవ్వొద్దు, సాయంత్రానికి మీకే అర్థమవుతుంది.

ఇక అసలు విషయం. ట్రాక్‌కి వెళ్తే ఒకే రోజు నాలుగైదు క్లాసులు, అంటే బండ్ల రకాలు, పరుగెడతాయి, మారుతి ఇంజన్ పెట్టిన, ఒక్కరే కూర్చునే ఎల్‌జీబీ ఫార్ములా బండ్లు ఒకవైపు, టూరింగ్ కార్లు ఇంకోవైపు. అన్నీ పట్టించుకుంటే ఏదీ గుర్తుండదు. ఒక క్లాస్ ఎంచుకోండి, నా మాట వింటే ఇండియన్ టూరింగ్ కార్స్, ఐటీసీ అంటారు. కోయంబత్తూరు డ్రైవర్ అర్జున్ బాలు టైటిళ్లు గెలిచింది ఈ క్లాసులోనే. హోండా సిటీ, పోలో లాంటివి, అంటే మన వీధిలో పార్క్ చేసి ఉండే బండ్లే. లోపల మాత్రం సీట్లు, కార్పెట్లు అన్నీ పీకేసి ఇనుప గొట్టాలతో రోల్ కేజ్ బిగించి ఉంటారు. బండి పల్టీ కొట్టినా డ్రైవర్ దులుపుకుని దిగి రావడానికే అది, పుత్తూరు కట్టు అవసరం పడకుండా.

ఆ క్లాసులో కూడా ముందు వెళ్లే బండిని చూడకండి. అది ఎలాగూ అందరికీ కనిపిస్తుంది. ఐదో స్థానమో ఆరో స్థానమో ఉన్న ఒక బండి నంబర్ రాసుకుని, సీజన్ అంతా దాని వెంటే పడండి. ప్రాక్టీస్‌లో ఎక్కడ బ్రేకు వేస్తున్నాడు, రేసులో పక్కన ఇంకో బండి ఉంటే అదే చోట వేస్తున్నాడా, ఇంకాస్త లోపలికి వెళ్లి వేస్తున్నాడా అని చూడండి. ఫ్రంట్ వీల్ డ్రైవ్ బండి కాబట్టి లాగేదీ తిరిగేదీ ముందు చక్రాలే, బ్రేకు భారం కూడా ఎక్కువ వాటి మీదే, అందుకే చివరి లాప్‌లకి ముందు టైర్లు అరిగిపోయి బండి మలుపులో బయటికి బయటికి పోతుంటుంది. కుడి మలుపులో గట్టిగా తిప్పినప్పుడు లోపలివైపు వెనక చక్రం నేలని వదిలి గాల్లోకి లేస్తుంది, కుక్క స్తంభం దగ్గర కాలెత్తినట్టు. మొదటిసారి చూస్తే టెన్షన్ వస్తుంది, డ్రైవర్‌కి మాత్రం అది మామూలే.

జెండాలు నాలుగు తెలిస్తే చాలు. పసుపు ఊపితే ముందు ప్రమాదం, ఓవర్‌టేక్ చేయకూడదు. పసుపు ఎరుపు చారలు అంటే ట్రాక్ జారుతోంది, ఆయిలో నీళ్లో పడ్డాయి. నలుపు మీద నారింజ గుండ్రం చూపిస్తే పక్కన ఉన్న నంబర్ బండికి ఏదో ఊడుతోంది, పిట్‌కి, అంటే ట్రాక్ పక్కన బండ్లు బాగుచేసే చోటికి, రమ్మని. ఎరుపు వస్తే రేసు ఆగింది, అప్పుడే పులిహోర తినేయండి.

ఒక నోట్‌బుక్ పెట్టుకుని పాయింట్లు మీరే వేసుకోండి. ఏ స్థానానికి ఎన్ని అనేది ఆ ఏడాది రూల్స్‌లో ఉంటుంది, అది చూసి మొదలుపెట్టండి. ఎందుకంటే టైటిల్ ఎప్పుడూ ఎక్కువ గెలిచినవాడికే వెళ్లదు. అందరికీ తెలిసిన ఫార్ములా వన్ లెక్కే తీసుకోండి, మొదటికి 25, మూడో స్థానానికి 15. నాలుగు రేసుల్లో రెండు గెలిచి రెండిట్లో ఇంజన్ పోగొట్టుకున్నవాడికి 50, గుట్టుగా నాలుగుసార్లూ మూడో స్థానంలో వచ్చినవాడికి 60. సీజన్ మధ్యలో ఈ లెక్క వేసి చూస్తే, పక్క బండితో పోరాడాల్సిన చోట ఒకడు ఎందుకు తగ్గి దారిచ్చాడో తెలుస్తుంది. పెన్‌తో మాత్రం వెంటనే రాయకండి. రేసు అయ్యాక బండిని తూస్తారు, విప్పి చూస్తారు, ఎవరో ప్రొటెస్ట్ వేస్తారు, గెలిచి షాంపేన్ జల్లుకున్నవాడి పేరు సాయంత్రానికి లిస్టులోంచి ఎగిరిపోవచ్చు. లిస్టు మీద ప్రొవిజనల్, అంటే ఇంకా ఖరారు కాలేదు, అని రాసి ఉన్నంతసేపూ పెన్సిలే.

అక్టోబర్ దాటాక పడే రౌండ్లు అసలు వదలకండి. ఈశాన్య రుతుపవనాల వాన అటు ఎప్పుడు దిగుతుందో ఎవడూ చెప్పలేడు. గాడులు లేని స్లిక్ టైర్లతో బయల్దేరినవాడు వానొస్తే నడపలేడు, వాన టైర్లు వేసుకున్నవాడికి ఎండొస్తే అవి అరిగిపోతాయి. గ్రిడ్ మీద, అంటే రేసు మొదలుకి బండ్లు వరసగా నిలబడే చోట, మెకానిక్‌లు ఆకాశం చూస్తూ గొడవపడటం రేసు కన్నా బాగుంటుంది ఒక్కోసారి.

రెండు మూడు రౌండ్లయ్యాక నడపాలన్న దురద పుడుతుంది, అందరికీ పుట్టేదే. ఎఫ్‌ఎంఎస్‌సిఐ కాంపిటీషన్ లైసెన్స్ లేకుండా గ్రిడ్ మీదికి రానివ్వరు, దానికి డాక్టర్ సర్టిఫికెట్ కావాలి, పైన బండి, టైర్ల ఖర్చు వేరే. అంత డబ్బు లేకపోతే మార్షల్‌గా చేరడానికి వీలుందేమో క్లబ్‌ని అడగండి. జెండా పట్టుకుని మలుపులోనే నిలబడతారు, అంతకంటే దగ్గర్నుంచి చూసే సీటు డబ్బిచ్చినా దొరకదు.