ఇంగ్లండ్ పల్లె చర్చిలో యుద్ధ స్మారకం మీది పేర్ల వివరాలు కనుక్కోవడం ఎలా

ఇంగ్లండ్ పల్లెల్లో చాలా చర్చి ఆవరణల్లో ఒక రాతి శిలువ, దాని పీఠం మీద పేర్లు ఉంటాయి. అది సమాధి కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో విదేశాల్లో చనిపోయినవాళ్ళను అక్కడే ఖననం చేయాలని బ్రిటన్ నిర్ణయించింది కాబట్టి, ఇంటివాళ్ళు వెళ్ళి నిలబడటానికి మిగిలింది ఈ రాయే.

ముందు ఫొటో. నడినెత్తిన ఎండ ఉంటే అక్షరాలు కనబడి చావవు, సాయంత్రం ఏటవాలు వెలుగులో వెళ్ళండి, లేదా ఫోన్ టార్చిని దాదాపు రాయికి ఆనించి పక్కనుంచి కొట్టండి, చెరిగిపోయిందనుకున్న ఇంటిపేరు కూడా నీడ పట్టి పైకి తేలుతుంది. సుద్ద పూయడం, వైరు బ్రష్‌తో నాచు గోకడం మాత్రం అస్సలొద్దు. 1914–1919 అని ఉంటే తప్పు చెక్కారనుకోకండి, జర్మనీతో యుద్ధాన్ని అధికారికంగా ముగించిన వెర్సాయ్ ఒప్పందం జరిగింది 1919లోనే.

తర్వాత యుద్ధంలో చనిపోయినవాళ్ళ సమాధుల్ని చూసుకునే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైట్‌లో ఇంటిపేరు, ఇనిషియల్స్ కొట్టండి, ఉచితమే. రెజిమెంట్, చనిపోయిన తేదీ, సమాధి ఎక్కడుందో వస్తాయి. ఒకే పేరుతో బోలెడుమంది వస్తే తల్లిదండ్రుల ఊరు చూసి తేల్చుకోవాలి, అది అందరికీ ఉండదు, అదే తలనొప్పి. సర్వీసు రికార్డు (సైన్యంలో ఆ మనిషి ఉద్యోగ వివరాల ఫైలు) దొరక్కపోయినా టెన్షన్ వద్దు: 1940లో లండన్ మీద జరిగిన జర్మన్ బాంబుదాడిలో సగానికి పైగా కాలిపోయాయి. అప్పుడు బ్రిటన్ ప్రభుత్వ పాత రికార్డులుండే నేషనల్ ఆర్కైవ్స్‌లోని మెడల్ కార్డులు (ఎవరికి ఏ యుద్ధ పతకాలు రావాలో రాసుకున్న కార్డులు) చూడండి.

వచ్చే ముందు సమాధుల మధ్య కూడా ఒక చుట్టు తిరగండి, బ్రిటన్‌లోనే గాయాలతోనో జబ్బుతోనో పోయినవాళ్ళకు కమిషన్ పెట్టిన తెల్లరాళ్ళు అక్కడే ఉండొచ్చు.