బ్రిటన్ కారవాన్‌ను న్యూజిలాండ్ రోడ్లకు, ఏడాది పొడవునా ప్రయాణానికి సిద్ధం చేసుకోవడం

బ్రిటన్‌లో తయారైన కారవాన్‌ను, అంటే కారు వెనుక తగిలించి లాక్కెళ్లే ఇల్లులాంటి బండిని, న్యూజిలాండ్‌కు తెప్పించుకొని, అద్దె ఇల్లు ఖాళీ చేసి అందులోనే కాపురం పెట్టాలనుకునేవారు ముందుగా చూడవలసింది లోపలి సోఫాలనో వంటగట్టునో కాదు, తలుపు దగ్గర అతికించి ఉండే బరువుల పట్టీని. రెండు దేశాల్లోనూ బండ్లు రోడ్డుకు ఎడమవైపునే నడుస్తాయి కనుక తలుపు సరైన వైపునే ఉంటుంది. కరెంటు కూడా రెండు చోట్లా 230 వోల్టులు, 50 హెర్ట్జ్ కావడంతో పెద్దగా మార్చవలసిందేమీ లేదనిపిస్తుంది. కానీ చట్టం కోరే మార్పుల్లోనూ, నిత్య నివాసానికి మనం కోరుకునే సౌకర్యాల్లోనూ చాలావరకు బండి బరువును పెంచేవే. బ్రిటన్ కారవాన్లు వారాంతపు విహారాలను దృష్టిలో పెట్టుకొని తేలికగా కట్టినవి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. గరిష్ఠ బరువు 1500 కిలోలు, ఖాళీ బరువు 1340 కిలోలు అని పట్టీ మీద ఉంటే మనకు మిగిలేది 160 కిలోలు. 60 లీటర్ల మంచినీళ్లకు 60 కిలోలు, నిండుగా ఉన్న 9 కిలోల గ్యాస్ బండకు సుమారు 18, 200 వాట్ల సోలార్ పలకలు రెండింటికి 22 నుంచి 24, ఒక లిథియం బ్యాటరీకి 12 కిలోలు పోతే, బట్టలకు, గిన్నెలకు, బియ్యానికి కలిపి 50 కిలోలు కూడా మిగలవు. మా ఇంట్లో ఈ లెక్క వేసుకున్నాకే టేబుల్‌టాప్ వెట్ గ్రైండర్‌ను బంధువుల ఇంట్లో ఉంచేసి, చిన్న మిక్సీతో సరిపెట్టుకున్నాము. కారు లేకుండానే బండిని జరిపే మోటార్ మూవర్‌ను పాత యజమాని బిగించి ఉంటే మరో 30 కిలోల దాకా అప్పటికే ఖర్చయినట్టే. అందువల్ల పట్టీని నమ్మి ఊరుకోకుండా, ఏ మార్పూ మొదలుపెట్టకముందే బండిని లారీల వేబ్రిడ్జి మీద తూచి ఆ చీటీ దాచుకోండి. ఇరుసు, చాసిస్ అనుమతించే మేరకు కొన్ని కంపెనీలు గరిష్ఠ బరువును పెంచి కొత్త పట్టీ ఇస్తాయి. ఆ పని బండి ఓడ ఎక్కక ముందే బ్రిటన్‌లో పూర్తి చేయించుకోవడం మేలు.

కాగితాల సంగతి క్లుప్తంగా చెబుతాను. బ్రిటన్‌లో కారవాన్లకు కార్లకు ఉన్నట్టు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ పత్రం ఉండదు. కిటికీ అద్దాల మీద చెక్కిన 17 అక్షరాల సంఖ్య, దానికి సంబంధించిన క్రిస్ (కారవాన్ల నమోదు పథకం) పత్రం, కొనుగోలు రసీదు భద్రంగా ఉంచుకోవాలి. న్యూజిలాండ్ చేరాక 15 శాతం జీఎస్టీ, జీవభద్రత తనిఖీ, ఆపైన బండి ఇక్కడి రోడ్లకు తగినదో కాదో చూసే ఎంట్రీ సర్టిఫికేషన్, నంబరు ప్లేటు వరుసగా జరుగుతాయి. చక్రాల లోపలి అంచుల్లో మట్టి గాని, గడ్డి గింజలు గాని మిగలకుండా పంపే ముందే కడిగించండి.

బండిని కారుకు తగిలించే చోట మాత్రం తొందర పనికిరాదు. బ్రిటన్ కారవాన్ల కొక్కెం 50 మిల్లీమీటర్ల టో బాల్‌కు, అంటే కారు వెనుక ఉండే ఇనుప గుండుకు, సరిపోయేది. న్యూజిలాండ్‌లో 50 మిల్లీమీటర్లవి దొరికినా, 1 7/8 అంగుళాల బాల్, అంటే సుమారు 47.6 మిల్లీమీటర్లది, ఇప్పటికీ ఎక్కువగా కనిపిస్తుంది. మేము కొన్న సెకండ్‌హ్యాండ్ కారుకు ఉన్నది అదే. కొక్కెం దాని మీద చక్కగా కూర్చుంది, టక్కుమని శబ్దం కూడా వచ్చింది. బాల్ నెత్తిన పేరుకున్న గ్రీజును గుడ్డతో తుడిచినప్పుడే అక్కడ అచ్చు వేసిన అంకె బయటపడింది. ఆ రెండున్నర మిల్లీమీటర్ల తేడాతో గతుకుల రోడ్డు మీద కొక్కెం ఎగిరి ఊడిపోగలదు. కనుక తగిలించే ముందు ఆ అంకెను మీ కళ్లతో చదవండి. కొక్కెంలో ఊగుడు తగ్గించే ఆల్కో కంపెనీ స్టెబిలైజర్ ఉంటే దాని రాపిడి దిమ్మలకు గ్రీజు తగలకూడదు. పైగా దానికి మెడ పొడవున్న బాల్ కావాలి, పొట్టి మెడ బాల్ మీద మలుపుల్లో కొక్కెం ఒరుసుకుంటుంది.

బ్రిటన్ కారవాన్‌కు బండి ఊడిపోతే బ్రేకు వేసే సన్నని తీగ మాత్రమే ఉంటుంది. న్యూజిలాండ్‌లో 2000 కిలోల లోపు ట్రెయిలర్‌కు సేఫ్టీ చైన్ తప్పనిసరి. అంతకు మించి 2500 కిలోల వరకు ఉండి, కారు వేగం తగ్గినప్పుడు వెనుక నుంచి వచ్చే తోపుతో పనిచేసే బ్రేకులు గలవాటికి, అడ్డంగా మెలివేసిన రెండు చైన్లు ఉండాలి. బ్రిటన్ కారవాన్లలో తరచుగా ఉండే ఆల్కో చాసిస్ పల్చటి ఉక్కుతో చేసి జింకు పూత పూసినది. దానికి రంధ్రం వేయవద్దని, వెల్డింగ్ చేయవద్దని కంపెనీయే చెబుతుంది. చైన్‌ను ఉన్న బోల్టుల దగ్గరే బిగించే పద్ధతిని తనిఖీదారుతో ముందుగా మాట్లాడి ఖాయం చేసుకోండి. బ్రిటన్ 13 పిన్నుల గుండ్రటి ప్లగ్గును తీసేసి ఇక్కడి 7 పిన్నుల చదును ప్లగ్గు పెడితే లైట్లు వెలుగుతాయి గాని, ప్రయాణంలో ఫ్రిజ్‌కు, బ్యాటరీకి కరెంటు అందించే తీగలకు సంబంధం తెగిపోతుంది. వాటికి కారు బ్యాటరీ నుంచి వేరే లావు తీగ లాగించాలి.

ఇక నీళ్లు. బ్రిటన్‌లో నీటి పీపాను దొర్లించుకుంటూ తెచ్చి బయట నిలిపి పంపుతో తోడుకుంటారు, వాడిన నీరు నేల కింది గొట్టాల గుండా బయటి డబ్బాలోకి పోతుంది. చాలా కారవాన్లలో లోపల ట్యాంకే ఉండదు. న్యూజిలాండ్‌లో ఊరి బయట బీచ్‌ల దగ్గర, నదుల ఒడ్డున స్వేచ్ఛగా బస చేయదగిన చోట్లు చాలావరకు స్వయంసమృద్ధ వాహనాలకే పరిమితం. 2023 జూన్‌లో అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ప్రకారం అలాంటి వాహనానికి బిగించిన టాయిలెట్, ఆకుపచ్చ వారంట్ (ధ్రువపత్రం) కావాలి. మనిషికి రోజుకు 4 లీటర్ల చొప్పున మూడు రోజులకు సరిపడా మంచినీరు, అంతే వాడిన నీటిని నిల్వ చేసుకునే వీలు ఉండాలి. అంటే ఇద్దరికి 24 లీటర్లు. అయితే అన్నం, పప్పు వండుకొని గిన్నెలు కడుక్కునే ఇంటికి అది ఒక్క రోజుకు కూడా చాలదు. మా అనుభవంలో ఇద్దరికి 50 నుంచి 60 లీటర్ల ట్యాంకు సరైన కొలత. దాన్ని ఇరుసుకు దగ్గరగా, వీలైతే కాస్త ముందుకు బిగించాలి; వెనుక పెడితే ముక్కు తేలికై బండి పాములా ఊగుతుంది. వాడిన నీటి ట్యాంకుకు గాలి గొట్టం, సింకు కింద వాసన పైకి రాకుండా ట్రాప్ మరువకూడదు. బ్రిటన్ కారవాన్లలో ఎక్కువగా ఉండే, డబ్బాను బయటకు తీసి ఖాళీ చేసుకునే క్యాసెట్ టాయిలెట్ ఇక్కడ మనకు కలిసివస్తుంది.

కరెంటుకు బయటి నుంచి తగిలించే నీలిరంగు 16 ఆంపియర్ల ప్లగ్గు రెండు దేశాల్లోనూ ఒకటే. లోపలి బ్రిటన్ సాకెట్లను మాత్రం ఏటవాలు చదును పిన్నుల సాకెట్లతో మార్పించి, అర్హత గలవారి చేత ఎలక్ట్రికల్ వారంట్ తీసుకోవాలి. అది నాలుగేళ్లు చెల్లుతుంది. గ్యాస్‌కు బండను రెగ్యులేటర్‌కు కలిపే గొట్టాన్ని లైసెన్సు ఉన్న ఫిట్టర్ చేత మార్పించి ధ్రువపత్రం పొందండి. బ్రిటన్ బండ కోసం కట్టిన అరలో 9 కిలోల బండ పట్టకపోతే 4 కిలోలవి రెండు పెట్టుకోవచ్చు. ఎల్‌పీజీ గాలి కన్నా బరువైనది, లీకైతే నేల మీదే పరుచుకుంటుంది; దాన్ని కిందికి వదిలేందుకే నేలకు రంధ్రాలు ఉంటాయి. మా బండిలో పాత యజమాని చలికి తాళలేక వాటికి టేపు అతికించాడు, దాని మీద తివాచీ పరిచాడు. మీ బండిలో తివాచీ ఎత్తి చూడండి.

సోలార్ పలకలను వంచి పెట్టుకునేవారు ఇక్కడ సూర్యుడు ఉత్తరాన ఉంటాడని గుర్తుంచుకోవాలి. మన ఊళ్లలో మేడ మీద దక్షిణానికి వంచే అలవాటు ఇక్కడ పనికిరాదు. పైకప్పుకు పలకలు బిగించేటప్పుడే అతుకుల్లోని సీలెంట్ పరీక్షించండి, న్యూజిలాండ్ ఎండ దాన్ని త్వరగా పగలగొడుతుంది. కిటికీ మూలల్లో తేమ మీటరు పెట్టి చూసి, 20 శాతం దాటితే పలకల కన్నా ముందు ఆ గోడనే బాగు చేయించాలి.

అన్నీ అమర్చాక నీళ్లు నింపి, సామాను సర్ది, మళ్లీ వేబ్రిడ్జికి వెళ్లండి. ఇంటికి వచ్చాక చదునైన చోట స్నానాలగది తూకం యంత్రం మీద చెక్క దిమ్మ పెట్టి, కొక్కెం కిందికి మోపే బరువు చూడండి. 1500 కిలోల బండికి అది 75 నుంచి 100 కిలోల మధ్య ఉండాలి, అయితే కొక్కెం మీద రాసిన పరిమితిని దాటకూడదు. తక్కువగా వస్తే బియ్యం డబ్బాను ఇరుసుకు ముందున్న అరలోకి జరిపి మళ్లీ తూచండి.