అమ్మ పెన్షన్ రిజెక్ట్ అయితే ఎలా సరిచేయించానంటే

ఆదాయం ఎక్కువుందని అమ్మ పెన్షన్ అప్లికేషన్ రిజెక్ట్ చేశారు, ఆమెకి అసలు ఆదాయమే లేదు, చాలా బాధేసింది. లెక్క ఎలా వేశారో రాతపూర్వకంగా ఇమ్మని అడిగితే అప్పుడు తెలిసింది, మా ఇద్దరి జాయింట్ అకౌంట్‌లో డబ్బంతా ఆమెదే అనుకున్నారు. ఇలాంటి స్కీముల్లో జీతమొక్కటే కాదండీ, సేవింగ్స్, అద్దెలు, చాలాచోట్ల భర్త లేదా భార్య సంపాదన కూడా కలుపుతారు. నేను ఏడాది స్టేట్‌మెంట్లు తీసి, ప్రతి డిపాజిట్ నా జీతం నుంచే వచ్చిందని మార్క్ చేసి గడువులోపే అప్పీల్ పెట్టా. మళ్లీ లెక్కేసి శాంక్షన్ చేశారు, ఆగిన నెలల డబ్బు కూడా వచ్చింది. రిజెక్ట్ అవగానే కంగారుపడి కొత్త అప్లికేషన్ పెట్టేయకండి, చాలాసార్లు పాత అప్లికేషన్ తేదీ పోతుంది, దాంతో ఆగిన నెలల డబ్బూ పోతుంది, ముందు ఆ లెక్క అడగండి.